లీక్ లైట్‌లో వెలుతురు లేదు, అయినా లో నోట్స్ పలకవు. తప్పు ప్యాడ్ తోలుదేనా?

ఆల్టో_శ్వాస:

అందరికీ నమస్తే. నాది పాత ఆల్టో సాక్సోఫోన్. ఈమధ్యే ప్యాడ్లన్నీ, అంటే కీ మూసినప్పుడు రంధ్రానికి అడ్డుపడే తోలు బిళ్ళలన్నీ, మార్పించాను. రిపేర్ చేసినాయన లీక్ లైట్ (ప్యాడ్ అంచున సందుంటే వెలుతురు బయటికి కనిపించే దీపం) లోపలికి దించి, ఒక్కో కీ నా ఎదురుగానే మూసి చూపించారు. ఎక్కడా వెలుతురు గీత కనబడలేదు. ఇంటికొచ్చాక గది చీకటి చేసుకుని నేనూ చూసుకున్నాను. శుభ్రంగానే ఉంది.

కానీ వాయిస్తుంటే కథ వేరు. లో డి దాటి కిందికి దిగితే ఊపిరి ఎక్కువ పెట్టాల్సి వస్తోంది. లో బి, లో బి ఫ్లాట్ మెల్లగా వాయిద్దామంటే గులగుల వణికి పై ఆక్టేవ్‌కి ఎగిరిపోతున్నాయి. గట్టిగా ఊదితే పలుకుతాయి కానీ గొంతు బొంగురు. కీలు వేళ్ళు నొప్పెట్టేలా నొక్కి చూశాను, పెద్ద తేడా లేదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఓ అరగంట వాయించాక కాస్త దారికొస్తుంది. మర్నాడు కేస్ తెరిస్తే మళ్ళీ మొదటికే. రీడ్లు మార్చాను, మౌత్‌పీస్ మార్చాను. అదే మౌత్‌పీస్, అదే రీడ్ మా ఫ్రెండ్ సాక్సోఫోన్ మీద హాయిగా పలుకుతున్నాయి.

రిపేర్ చేసినాయన "లైట్‌లో లీక్ లేదంటే లేనట్టే, మీ ఊపిరి సరిచూసుకోండి" అంటున్నారు. ఫ్రెండ్ మాత్రం "చవక తోలు వేసుంటాడు, అది గాలి పీలుస్తుంది" అంటున్నాడు. నిజంగా తోలులోంచి గాలి పోతుందా? పోతే ఆ సంగతి లైట్‌లో తెలియదా? ఇంట్లో నేనే తేల్చుకునే దారి ఏమైనా ఉందా? ప్యాడ్లు సెట్‌గా తెచ్చినప్పుడు మిగిలిన రెండు మూడు ప్యాడ్లు నా దగ్గరే ఉన్నాయి, అవి ఏమైనా పనికొస్తాయా?

టెనర్_తాత:

కంగారూ తోలు ప్యాడ్లు వేయించుకో బాబూ, గొడవ వదిలిపోతుంది. నా టెనర్‌కి అవే. మేక తోలు, గొర్రె తోలు రోజులు పోయాయి. వాయిద్యం విలువైనదైతే ప్యాడ్ దగ్గర పీనాసితనం ఎందుకు?

పాత_బెంచీ:

నేను వుడ్‌విండ్ వాయిద్యాలు బాగుచేస్తాను. తాతగారి మాట దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు రాసిన రెండు ముక్కలు చూద్దాం. గట్టిగా నొక్కినా తేడా లేదన్నారు. అరగంట వాయిస్తే మెరుగవుతుందన్నారు. ఈ రెండూ కలిసి వచ్చాయంటే నా అనుమానం ప్యాడ్ కూర్చున్న తీరు మీదికి పోదు.

ప్యాడ్ వంకరగా కూర్చుంటే, లేదా టోన్ హోల్ (ప్యాడ్ మూసే రంధ్రం) అంచు ఎగుడుదిగుడుగా ఉంటే, గట్టిగా నొక్కినప్పుడు ప్యాడ్ లోపలి ఫెల్ట్ అణిగి సందు మూసుకుంటుంది, నోట్ పలుకుతుంది. సాక్సోఫోన్ లీకుల్లో ఎక్కువ భాగం ఈ రకమే. అందుకే "తోలు బాగాలేదు" అని ఎవరైనా వస్తే నేను ముందు తోలు చూడను. రాడ్ మీద కీ అటూ ఇటూ ఆడుతోందా, ప్యాడ్ కూర్చునే కప్పు వంగిందా, టోన్ హోల్ చదునుగా ఉందా, ఇవే చూస్తాను. కీ ఆడుతుంటే ప్యాడ్ ప్రతిసారీ ఒకే చోట వాలదు. అప్పుడు ఎంత మంచి తోలైనా దండగే. సందు ఎంత చిన్నదైనా లెక్క ఎలా పెరుగుతుందో చూడండి: 40 మి.మీ. టోన్ హోల్ చుట్టూ 0.02 మి.మీ. సందు ఉంటే, అది మొత్తం సుమారు 2.5 చదరపు మి.మీ. అవుతుంది. అంటే వైశాల్యంలో దాదాపు 1.8 మి.మీ. వ్యాసమున్న రంధ్రంతో సమానం. మీ లో బి పైకి ఎగిరిపోతోందంటే కారణం ఇలాంటిదే. నోట్‌ని పై ఆక్టేవ్‌కి మార్చే ఆక్టేవ్ కీ కింద ఉన్న చిన్న రంధ్రం కావాలని చేసే పనిని, లీక్ మనం అడక్కుండానే చేసేస్తుంది.

కానీ మీ విషయంలో నొక్కినా లాభం లేదు, లైట్ కూడా రావట్లేదు. ఇక మీ అసలు ప్రశ్న. అవును, తోలులోంచి గాలి పోతుంది. లైట్‌లో అది తెలియదు. మట్టి కుండలో దీపం పెడితే వెలుతురు బయటికి రాదు, అదే కుండలో నీళ్ళు పోస్తే ఒళ్ళంతా చెమరుస్తుంది. లీక్ లైట్ చూపించేది ప్యాడ్‌కీ టోన్ హోల్ అంచుకీ మధ్య సందు ఉందా లేదా అన్నదే. తోలు సంగతి దానికి పట్టదు.

గాలి ఏ దారిన పోతుందో చెప్తాను. ప్యాడ్ అంటే వెనక అట్ట, దాని మీద ఒత్తిన ఉన్ని ఫెల్ట్, దాన్ని చుట్టిన పల్చటి తోలు, మధ్యలో రివెట్‌తో బిగించిన రెజొనేటర్ అనే గుండ్రటి బిళ్ళ. టోన్ హోల్ అంచు తోలు మీద గుండ్రంగా ముద్ర వేస్తుంది. ముద్రకి లోపలివైపు తోలు గుల్లగా ఉంటే గాలి దాన్ని దాటి ఫెల్ట్‌లోకి దూరుతుంది. ఫెల్ట్ గాలిని ఆపేది కాదు కాబట్టి గాలి పక్కకి పాకి, ముద్రకి బయటివైపు ఉన్న తోలులోంచి పైకి వచ్చేస్తుంది. అంచు దగ్గర సీల్ ఎంత బిగువుగా ఉన్నా దాని అడుగునుంచి దారి ఉందన్నమాట. ముద్ర పడ్డచోట ఫెల్ట్ అణిగి కొంత అడ్డుపడుతుంది కానీ పూర్తిగా ఆపదు.

అరగంట తర్వాత మెరుగవడం కూడా దీనికి సరిపోతుంది. మీ ఊపిరి తేమకి తోలు నానుతుంది, పోగులు ఉబ్బి సందులు ఇరుకవుతాయి. రాత్రికి ఆరిపోతుంది, పొద్దున మళ్ళీ పాత పాటే. అలాగని ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకండి. వాయిద్యం వేడెక్కినా, రీడ్ తడిసినా కూడా నోట్ సులువవుతుంది.

కొనేటప్పుడు చాలామంది చూడని సంగతి ఒకటుంది, రెజొనేటర్ సైజు. 40 మి.మీ. టోన్ హోల్ లోపల తోలు సుమారు 1257 చదరపు మి.మీ. మేర ఉంటుంది. అందులో 30 మి.మీ. రెజొనేటర్ 707 దాకా కప్పేస్తుంది. గాలి దూరడానికి మిగిలేది 550 మాత్రమే. అందుకే గుల్ల తోలు మీద చిన్న రెజొనేటర్, లేదా ఒట్టి రివెట్ వేసిన ప్యాడ్లలో ఈ జబ్బు కొట్టొచ్చినట్టు బయటపడుతుంది. అయితే రెజొనేటర్‌తో ఇంకో తిప్పలు. దాన్ని బిగించడానికి తోలుకి నడిమధ్యలో చిల్లు పెట్టారు కదా. రివెట్ వదులుగా ఉంటే గాలి అక్కడినుంచే ఫెల్ట్‌లోకి వెళ్తుంది. వెనక అట్ట మీద లక్క గానీ హాట్ గ్లూ గానీ నిండుగా పరిచి అతికిస్తే కనీసం వెనక దారి మూసుకుంటుంది. నడుమ ఒక బొట్టు పెట్టి అతికించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కప్పు వెనకవైపు బోలుగా ఉండిపోతుంది, ప్యాడ్ నాలుగు రోజులకి పక్కకి ఒరుగుతుంది కూడా.

ఇక మీరు ఇంట్లో చేయగలిగింది. ప్యాడ్ల జోలికి వెళ్ళకముందు నెక్, అంటే మౌత్‌పీస్ తొడిగే పై వంపు గొట్టం, చూడండి. పైభాగంలో లీక్ ఉంటే దాని కింది నోట్లన్నీ దెబ్బతింటాయి, లీక్ లైట్‌కి అది దొరకదు, వేలితో నొక్కినా మారదు. నెక్ తీసి, కింది చివర అరచేత్తో బిగువుగా మూసి, కార్క్ వైపునుంచి గాలి పీల్చండి. నెక్ మీది ఆక్టేవ్ కీ మూసే ఉండాలి. పీల్చి నాలుక అడ్డం పెడితే నాలుక కాసేపు అంటుకుని ఉండాలి. వెంటనే వదిలేస్తే ఆక్టేవ్ ప్యాడో, కార్కో చూసుకోవాలి. తర్వాత నెక్ బాడీలోకి దిగే చోట, కుళాయి గొట్టాలకి చుట్టే తెల్ల టేప్ ఒక చుట్టు వేసి బిగించి వాయించండి. లో నోట్స్ ఒక్కసారిగా తేలికైతే తోలుని ఆడిపోసుకోవాల్సిన పనే లేదు, నెక్ బాడీలోకి దిగే ఆ చివర, అంటే టెనన్, వదులైంది.

అది కాదని తేలితే మీ దగ్గర మిగిలిన ప్యాడ్లు బయటికి తీయండి. రెజొనేటర్ కంటే వెడల్పు, ప్యాడ్ కంటే సన్నం ఉన్న గొట్టం ముక్క ఏదైనా తీసుకోండి, అంచు నున్నగా ఉండాలి. ప్యాడ్ వెనక అట్ట మొత్తానికీ టేప్ అతికించండి. లేకపోతే గాలి అట్టలోంచి వచ్చేసి మంచి ప్యాడ్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. గొట్టాన్ని తోలు మీద అదిమి రెండో చివరనుంచి పీల్చండి. గాలి వస్తే రెజొనేటర్ మీద కూడా టేప్ అతికించి మళ్ళీ పీల్చండి. అప్పుడు ఆగితే తప్పు రివెట్‌ది. అప్పటికీ వస్తుంటే తోలుదే.

తాతగారూ, కంగారూ తోలు మంచిదే, నేనూ వేస్తాను. దాని పోగులు ఉపరితలానికి సమాంతరంగా అల్లుకుని ఉంటాయి కాబట్టి పల్చగా చెక్కినా తొందరగా చిరగదు. కానీ చిరగకపోవడం వేరు, గాలి ఆపడం వేరు. తోలు శుద్ధి ఎలా చేశారు, పైన ఏ పూత వేశారు, జంతువు ఒంటి మీద ఏ భాగం అది, వీటిని బట్టే గాలి సంగతి. వీపు తోలు దట్టంగా ఉంటుంది, పొట్ట వైపు తోలు వదులు. బాగా శుద్ధి చేసిన మేక తోలు, ఎలాగో చేసిన కంగారూ తోలు కంటే నయం. పేరు చూసి కొనకండి, గొట్టం పెట్టి పీల్చి కొనండి.

ఫెల్ట్‌లెస్:

నీటి బొట్టు పరీక్ష కూడా ఉంది కదండీ. తోలు మీద ఒక చుక్క వేస్తే పూసలా నిలబడితే మంచి తోలు, ఇంకిపోతే చెడ్డది. ఇది ఇంకా సులువు కదా?

పాత_బెంచీ:

సులువే, కానీ అది జవాబిచ్చేది వేరే ప్రశ్నకి. తోలు పోగులకి నీళ్ళు అంటకుండా మందు పట్టిస్తే చుక్క పూసలాగే నిలబడుతుంది. పోగుల మధ్య సందులు మాత్రం తెరిచే ఉండొచ్చు, గాలి వాటిలోంచి నిక్షేపంగా పోతుంది. చుక్క నిలబడితే ఆ ప్యాడ్ తడికి తొందరగా పాడవదని తెలుస్తుంది. అది తెలుసుకోవడమూ అవసరమే, ముఖ్యంగా అరచేత్తో నొక్కే పామ్ కీలకి, లో ఇ ఫ్లాట్‌కి. అవి ఎప్పుడూ మూసే ఉంటాయి, తడి పడితే ఆరే వీలుండదు. సీల్ గురించి మాత్రం చుక్క ఏమీ చెప్పదు.

ఆల్టో_శ్వాస:

మీరు చెప్పినవన్నీ చేశానండీ. నెక్ పీల్చి చూస్తే నాలుక బాగానే అంటుకుంది. టెనన్‌కి తెల్ల టేప్ చుడితే కొంచెం, చాలా కొంచెం మెరుగైంది. లో బి మాత్రం అలాగే వణుకుతోంది.

తర్వాత ప్యాడ్లు. వెనక టేప్ వేసి పీల్చాను, గాలి హాయిగా వస్తోంది. రెజొనేటర్ మీద టేప్ వేసినా వస్తూనే ఉంది. నమ్మబుద్ధి కాక మా ఫ్రెండ్ దగ్గర వేరే సెట్‌లో ప్యాడ్ ఒకటి అడిగి తెచ్చి అదే గొట్టంతో చూస్తే, గొట్టం ప్యాడ్‌ని పట్టుకుని వేలాడింది! తేడా చూసి కళ్ళు తిరిగాయి. రెండూ పక్కపక్కన పెడితే చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. దీపం దగ్గర పెట్టి చూస్తే మాత్రం నా వాటి మీద సన్నటి రంధ్రాలు కనబడుతున్నాయి, వెంట్రుకల కుదుళ్ళేమో.

ఇప్పుడు ఏం చేయమంటారు? తోలుకి నూనె పట్టిస్తే రంధ్రాలు మూసుకుంటాయని ఒకరన్నారు. సిలికాన్ స్ప్రే అని ఇంకొకరు. అన్నీ మళ్ళీ మార్పించాలంటే టెన్షన్‌గా ఉంది.

టెనర్_తాత:

గొట్టం పరీక్ష నేనూ చేశాను. నా కంగారూ ప్యాడ్లు పాసయ్యాయి, ఆ సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాను.

పాత_బెంచీ:

తాతగారికి అభినందనలు!

ఆల్టో గారూ, నూనె వద్దు. అసలు వద్దు. నూనె తోలు దగ్గర ఆగదు, ఫెల్ట్‌లోకి దిగుతుంది. ఫెల్ట్ మెత్తబడి, కొన్నిచోట్ల ఉబ్బి, రిపేర్ చేసినాయన కష్టపడి సరిచేసిన ముద్ర చెదిరిపోతుంది. పైగా తోలు మీద దుమ్ము అంటుకుని బంకబంకగా తయారవుతుంది. అప్పుడు మీకు గాలి పోయే ప్యాడ్ బదులు, గాలీ పోయి టోన్ హోల్‌కి అతుక్కునే ప్యాడ్ మిగులుతుంది. స్ప్రే కూడా అంతే. చుట్టూ ఉన్న స్ప్రింగుల మీద, కార్కుల మీద పడుతుంది, కొన్నాళ్ళకి అరిగిపోతుంది, రేపు ఎవరైనా ప్యాడ్ మార్చబోతే లక్క సరిగ్గా పట్టదు. తోలుకి పూత వేయాలంటే ప్యాడ్ తయారు చేయకముందే వేయాలి. బిగించాక చేసేవన్నీ మరమ్మతు పేరుతో వాయిదా వేయడమే.

మార్చక తప్పదు. కాకపోతే అన్నీ ఒకేసారి మార్చాల్సిన పని లేదు. ఆల్టోలో ప్యాడ్లు సుమారు పాతిక. చిన్నవాటిలో బయటికి కనబడే తోలు బొత్తిగా తక్కువ, అవి ప్రస్తుతానికి ఉండనివ్వండి. నేనైతే కుడిచేతి ఎఫ్, ఇ, డి, వాటికి తోడు మూసుకునే ఎఫ్ షార్ప్ ప్యాడ్‌తో మొదలుపెట్టి, లో సి, తర్వాత వాయిద్యం వెడల్పాటి నోరైన బెల్ మీది బి, బి ఫ్లాట్ దాకా మారుస్తాను. అప్పటికీ చాలకపోతే ఎడమచేతి జి వైపు వెళ్తాను. వాయిద్యంలో పైకి వెళ్ళేకొద్దీ చిన్న లీక్ కూడా ఎక్కువ నోట్లని పాడుచేస్తుంది. కిందికి వచ్చేకొద్దీ ప్యాడ్ పెద్దదై గాలి పోయే తోలు పెరుగుతుంది. రెండూ కలిసే చోటు ఆ నడిమి వరస.

పాత సైజు చెప్పి కొత్తవి తెప్పించకండి. ప్యాడ్లు అర మిల్లీమీటర్ తేడాలతో దొరుకుతాయి, కప్పు కొలిచి తీసుకోవాలి. మందం కూడా ముఖ్యం. మందం మారితే వెనక అంచు ముందు తాకుతుంది, లేదా ముందు అంచు ముందు తాకుతుంది, మళ్ళీ కీ వంచుకోవాల్సి వస్తుంది. పాతవి పాడేయకుండా వెర్నియర్‌తో వాటి మందం కొలిపించండి.

బిగించిన వాటిలో ఒకదాన్ని విప్పించి, రిపేర్ చేసినాయన ముందే గొట్టం పెట్టి చూపించండి. వాదన పెట్టుకోకండి. లీక్ లైట్‌లో ఏమీ రాకుండా కూర్చోబెట్టారంటే పనితనం ఉన్నవారే. ప్యాడ్లు ఆయన తయారు చేసినవి కావు కదా. బహుశా ఆయన కొనే పెట్టెలో మిగతా ప్యాడ్లు కూడా ఇలాగే ఉండి ఉంటాయి, చూపిస్తే ఆయనకీ మేలు.

కొత్తవి మరీ మెరిసే తోలు, ప్లాస్టిక్‌లా పూత ఉన్నవి ఎంచుకోవద్దు. గాలి ఆపుతాయి, నిజమే. కానీ అలాంటివి తడికి టోన్ హోల్‌ని పట్టుకుని వదలవు, మూసేటప్పుడు టపటపమని చప్పుడు కూడా ఎక్కువ.

ఆల్టో_శ్వాస:

ఒక్క ఆఖరి ప్రశ్న అండీ. జి షార్ప్ ఇప్పటికే అప్పుడప్పుడు అతుక్కుంటోంది. దాన్ని కూడా ఈ జాబితాలో చేర్చమంటారా?

పాత_బెంచీ:

ముందు తుడవండి. జి షార్ప్ కప్పుని మీ వేలు ఎత్తదు. మీరు మీట నొక్కితే దాన్ని మూసి ఉంచే బలం తప్పుకుంటుంది, అప్పుడు కప్పుకున్న సన్నటి స్ప్రింగ్ దాన్ని లేపాలి. కొంచెం జిగురున్నా లేవదు. తీపి పానీయాలు తాగి వెంటనే వాయించే అలవాటుంటే మానుకోండి. టోన్ హోల్ అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. ప్యాడ్ కింద సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా మూసి తేమ పీల్చుకోనివ్వండి. కీ నొక్కి ఉంచి కాగితం లాగొద్దు, తోలు పైపొర లేచిపోతుంది. పౌడర్ అద్దిన కాగితాలు నేను వాడను, ఆ పౌడరే తడిసి తర్వాత జిగురవుతుంది.

తుడిచాక కూడా అతుక్కుంటే స్ప్రింగ్ కాస్త బిగించమనండి, ప్యాడ్ మార్చడం ఆ తర్వాత. ఎఫ్ షార్ప్ ప్యాడ్ మార్చినప్పుడు, జి షార్ప్‌ని అదిమిపట్టే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని మళ్ళీ సరిచేయాలి. అది మర్చిపోతే కొత్త తోలు వేసిన రోజే లో నోట్స్ మళ్ళీ వణుకుతాయి, మీరు మళ్ళీ ఇక్కడికొచ్చి తోలునే తిడతారు.